హైదరాబాద్ నుంచి డాలస్ ఎంత దూరం, ఎన్ని గంటలు? లెక్క మీరే వేసుకోండిలా

అమ్మానాన్నలకి వీసా స్టాంపింగ్ అయిపోయింది. డాలస్‌లో ఉన్న కొడుకు వాట్సాప్‌లో టికెట్ పంపాడు. జులై 10 తెల్లవారుజామున 3:30కి శంషాబాద్‌లో బయల్దేరడం, అదే జులై 10 సాయంత్రం 4:00కి డాలస్‌లో దిగడం. చూసినవాళ్లు ‘పన్నెండున్నర గంటలేగా, కళ్లు మూసి తెరిచేలోగా అయిపోతుంది’ అంటారు. ఆ టికెట్‌లో ఉన్నది 23 గంటల ప్రయాణం. ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మానికి లెక్కేస్తే 35.

ఇంత తేడా ఎక్కడ వచ్చిందో తెలియాలంటే దూరం, గాలి, గడియారం అనే మూడింటినీ విడివిడిగా చూడాలి. హైదరాబాద్–డాలస్‌నే ఉదాహరణగా తీసుకుందాం. పద్ధతి పట్టుబడితే మెల్‌బోర్న్‌కైనా టొరంటోకైనా ఇదే లెక్క.

1. ముందు విమానాశ్రయం ఏదో ఖాయం చేసుకోండి

ఊరి పేరుతో వెతికితే తప్పులు దొర్లుతాయి. మూడక్షరాల కోడ్‌తో వెతకండి. శంషాబాద్‌ది హెచ్‌వైడీ. డాలస్‌లో రెండు విమానాశ్రయాలున్నాయి. మనవాళ్లు దిగేది డాలస్–ఫోర్ట్‌వర్త్, దాని కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ. ఊరికి దగ్గరగా లవ్ ఫీల్డ్ అని ఇంకోటి ఉంది, దాని కోడ్ డీఏఎల్. ‘డాలస్’ అని కొట్టగానే కొన్ని సైట్లు రెండూ కలిపి చూపిస్తాయి. లవ్ ఫీల్డ్‌లో దిగేవి ఎక్కువగా అమెరికా లోపల తిరిగే విమానాలు. గల్ఫ్ నుంచో యూరప్ నుంచో నేరుగా వచ్చేవాళ్లు డీఎఫ్‌డబ్ల్యూలోనే దిగుతారు.

ఆ తర్వాత రెండు చోట్ల అక్షాంశ, రేఖాంశాలు ఒక కాగితం మీద రాసుకోండి. శంషాబాద్ 17.24 ఉత్తరం, 78.43 తూర్పు. డీఎఫ్‌డబ్ల్యూ 32.90 ఉత్తరం, 97.04 పడమర. గూగుల్ మ్యాప్స్‌లో రన్‌వే మీద వేలు నొక్కి పట్టుకుంటే ఈ అంకెలే కనిపిస్తాయి.

2. తిన్నగా ఎంత దూరమో చూడండి

గోడకి వేలాడే ప్రపంచ పటంలో స్కేలు పెట్టి గీత గీస్తే అది అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి డాలస్ చేరుతుంది. దగ్గరి దారి అది కాదు. బల్లపరుపు కాగితం మీద గీసిన తిన్నని గీత గుండ్రటి భూమి మీద చుట్టుదారి అవుతుంది. గ్లోబు దొరికితే ఒక దారం తీసుకుని ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస డాలస్ మీద పెట్టి బిగించి లాగండి. దారం పడమరకి పోదు. నిటారుగా ఉత్తరానికి లేచి, హిమాలయాలు, మధ్య ఆసియా, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి 500 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో మలుపు తిరిగి, కెనడా మీదుగా డాలస్‌కి దిగుతుంది.

కారణం రేఖాంశాల్లో ఉంది. 78.43, 97.04 కలిపితే 175.47. ఇది 180 అయితే రెండు ఊళ్లూ భూమికి సరిగ్గా అటు పక్క, ఇటు పక్క ఉన్నట్టు. అప్పుడు దగ్గరి దారి ధ్రువం మీదుగానే పోతుంది. మనకి నాలుగున్నర డిగ్రీలే తక్కువైంది కాబట్టి ధ్రువానికి కాస్త పక్కగా పోతుంది, అంతే. అందుకే ఈ రెండు ఊళ్ల మధ్య దూరం చేతి లెక్కతోనే వచ్చేస్తుంది:

హైదరాబాద్ నుంచి ధ్రువానికి 90 – 17.24 = 72.76 డిగ్రీలు.
ధ్రువం నుంచి డాలస్‌కి 90 – 32.90 = 57.10 డిగ్రీలు.
మొత్తం 129.86. భూమి మీద ఒక డిగ్రీ అంటే 111.2 కిలోమీటర్లు. గుణిస్తే 14,440 కిలోమీటర్లు.

త్రికోణమితి సూత్రంతో పద్ధతిగా లెక్కేస్తే సుమారు 14,420 వస్తుంది. ఇంత దూరంలో ఇరవై కిలోమీటర్లు లెక్కలోకి రావు. పదో తరగతి పిల్లలకి గ్లోబు ముందు పెట్టి ఈ లెక్క చేయిస్తే అక్షాంశాలు, రేఖాంశాలు ఇక మర్చిపోరు.

అన్ని ఊళ్లకీ ఈ చిట్కా పనిచేయదు. రేఖాంశాల తేడా 180కి దగ్గరగా ఉన్నప్పుడే వాడాలి. మిగతావాటికి గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్‌లో రెండు కోడ్‌ల మధ్య చిన్న గీత పెట్టి కొడితే దూరం, పటం రెండూ వస్తాయి. అక్కడ ఒక్క జాగ్రత్త: అంకె కిలోమీటర్లలో ఉందా మైళ్లలో ఉందా, అవి ఏ మైళ్లు అన్నది చూసుకోండి. మామూలు మైలు 1.609 కిలోమీటర్లు. విమానాల వాళ్లూ ఓడల వాళ్లూ వాడే నాటికల్ మైలు 1.852. మన దూరమే మొదటి లెక్కలో సుమారు 8,960, రెండో లెక్కలో 7,790 అవుతుంది. ఒక సైట్‌లో ఒకటి, ఇంకో సైట్‌లో ఇంకోటి కనిపించి జనం తికమక పడేది ఇక్కడే.

3. మజిలీలు కలిపి కూడండి

ఇది రాసే నాటికి హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఆగకుండా పోయే విమానం లేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్–షికాగో నేరుగా మొదలుపెట్టినప్పుడు మనవాళ్లు సంబరపడ్డారు గానీ, అది నిలవలేదు. కాబట్టి మధ్యలో ఎక్కడో ఒకచోట దిగి ఎక్కాల్సిందే. ఎక్కడ దిగితే ఎంత అవుతుందో చూడండి:

దోహా మీదుగా: 2,910 + 12,740 = 15,650 కి.మీ.
దుబాయ్ మీదుగా: 2,545 + 12,920 = 15,465 కి.మీ.
లండన్ మీదుగా: 7,750 + 7,630 = 15,380 కి.మీ.
ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా: 7,115 + 8,260 = 15,375 కి.మీ.

ఎక్కువకీ తక్కువకీ మధ్య తేడా మూడు వందల కిలోమీటర్లు కూడా లేదు. విమానానికి అది ఇరవై నిమిషాల పని. ‘ఆ రూటు చుట్టుదారండీ’ అని ఎవరైనా చెబితే ఈ కూడిక చూపించండి. ఈ నాలుగింట్లో ఏది మేలో దూరం తేల్చదు.

4. కిలోమీటర్లని గంటల్లోకి మార్చండి

పెద్ద జెట్ విమానం పైకెక్కి నిలకడగా పోయేటప్పుడు వేగం గంటకి 900 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. దానికి రన్‌వే దాకా వెళ్లడం, ఎక్కడం, దిగడం, గేటు చేరడం కలిపి 40 నిమిషాలు వేసుకోండి. దోహా–డాలస్ 12,740ని 900తో భాగిస్తే 14 గంటల 10 నిమిషాలు, ఆ 40 కలిపితే 14 గంటల 50 నిమిషాలు.

ఇప్పుడు టైమ్‌టేబుల్ తెరవండి. వెళ్లేటప్పుడు ఇంచుమించు 16 గంటలు, వచ్చేటప్పుడు ఇంచుమించు పద్నాలుగున్నర అని ఉంటుంది. మన లెక్క మధ్యలో పడింది.

తేడా గాలిది. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి వీస్తుంటుంది. దాని వేగం గంటకి నూరు, ఒక్కోసారి రెండు వందల కిలోమీటర్లు కూడా దాటుతుంది. అమెరికా వెళ్లేటప్పుడు ఏటికి ఎదురీదినట్టు, తిరిగొచ్చేటప్పుడు వాలున పడ్డట్టు. చలికాలంలో ఈ గాలి ఇంకా జోరు మీద ఉంటుంది కాబట్టి డిసెంబర్, జనవరిలో వెళ్లే ప్రయాణం మరికాస్త సాగుతుంది.

నేను వాడే అడ్డదారి ఇది. అమెరికా వైపు వెళ్తుంటే దూరాన్ని 830తో, ఇండియా వైపు వస్తుంటే 920తో భాగించి, పైన 40 నిమిషాలు కలపండి. దోహా–డాలస్‌కి వెళ్లేటప్పుడు 16, వచ్చేటప్పుడు పద్నాలుగున్నర సరిగ్గా వచ్చేస్తాయి. వేరే రూట్లలో అరగంట అటూఇటూ అవుతుంది. హైదరాబాద్–దోహా లాంటి చిన్న ప్రయాణాలకి ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలు కలుపుకోండి. దూరం తక్కువైనప్పుడు దారి మలుపులు, ఎక్కడం దిగడం ఎక్కువ పాలు తినేస్తాయి.

గాలి బలం ఎంతో తెలియాలంటే 2016 అక్టోబర్ సంగతి చెప్పుకోవాలి. ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు కాకుండా తూర్పుకి తిప్పి పసిఫిక్ మీదుగా పంపింది. అట్లాంటిక్ దారి సుమారు 13,900 కిలోమీటర్లు, పసిఫిక్ దారి సుమారు 15,300. దారి 1,400 కిలోమీటర్లు పెరిగినా, వెనక నుంచి గాలి తోస్తుండటంతో పద్నాలుగున్నర గంటల్లో, మామూలు కన్నా ముందే చేరింది.

గాలి కాక ఇంకో అడ్డంకి రాజకీయం. 2022 ఫిబ్రవరి తర్వాత రష్యా గగనతలం యూరప్, అమెరికా కంపెనీల విమానాలకి మూతపడింది. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకి మూసేయడంతో ఉత్తరాది నుంచి పడమరకి వెళ్లే మన విమానాలు చుట్టు తిరగాల్సి వచ్చింది. అదే ఏడాది జూన్ 23న ఖతార్ గగనతలం కొన్ని గంటలు మూసేస్తే దోహాకి రావాల్సిన విమానాలు ఎక్కడికక్కడ మళ్లిపోయాయి. పటం మీద దూరం మారదు, విమానం తిరిగే దారి మారుతుంది. అందుకే మీ ఫ్లైట్ నంబర్ తీసుకుని ఫ్లైట్‌రాడార్24లో గత వారం అది ఎన్ని గంటలకి లేచి ఎన్నింటికి దిగిందో చూడండి. టికెట్ మీది అంకె కన్నా, నా అడ్డదారి కన్నా ఆ వారం రోజుల రికార్డు నమ్మదగింది.

5. అన్ని టైములూ ఒకే గడియారంలోకి తెచ్చుకోండి

టికెట్ మీద ఉన్న ప్రతి టైమూ ఆ ఊరి టైమే. అది తెలిసినా కూడికలు తీసివేతల్లో చాలామంది తడబడతారు. ఊరూరికీ తేడా కట్టకుండా, అన్నీ ఇండియా టైములోకి మార్చి ఒక వరసలో రాసుకోండి. దోహా మనకన్నా రెండున్నర గంటలు వెనక, దుబాయ్ గంటన్నర వెనక. డాలస్ వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక. మొదట్లో చెప్పిన టికెట్‌నే చూద్దాం:

శంషాబాద్‌లో బయల్దేరడం: జులై 10, 3:30. ఇది ఇండియా టైమే.
దోహాలో దిగడం: అక్కడ 5:30. ఇండియా టైము 8:00. గాల్లో నాలుగున్నర గంటలు.
దోహాలో మళ్లీ ఎక్కడం: అక్కడ 8:00. ఇండియా టైము 10:30. ఆగింది రెండున్నర గంటలు.
డాలస్‌లో దిగడం: అక్కడ సాయంత్రం 4:00. ఇండియా టైము జులై 11, తెల్లవారుజాము 2:30. గాల్లో 16 గంటలు.

కుడి పక్కన ఇండియా టైములు వరసగా చూస్తే దాపరికం ఏమీ ఉండదు. 10వ తేదీ 3:30 నుంచి 11వ తేదీ 2:30 దాకా 23 గంటలు.

చలికాలపు టికెట్ అయితే డాలస్‌కి పదకొండున్నర గంటల తేడా పెట్టాలి. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం గంట వెనక్కి తిప్పుతారు. మార్చిలో వెళ్లి నవంబర్ మధ్యలో తిరిగొచ్చేవాళ్లకి వెళ్లేటప్పుడు ఒక తేడా, వచ్చేటప్పుడు ఇంకో తేడా ఉండొచ్చు. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం మారుస్తారు. కాబట్టి ఆ మధ్య వారాల్లో యూరప్ మీదుగా పోయేవాళ్లు మరోసారి సరిచూసుకోవాలి. దోహా, దుబాయ్‌లకి ఈ గొడవే లేదు.

పెద్దవాళ్లు వెళ్తుంటే ఈ ఇండియా టైముల చీటీ వాళ్ల చేతికే ఇవ్వండి. ఫోను దోహాలో వైఫై తగలగానే టైము మార్చేసుకుంటుంది. నాన్నగారి చేతి గడియారాన్ని మాత్రం డాలస్‌లో దిగేదాకా ఇండియా టైములోనే ఉండనివ్వండి. బీపీ మాత్ర పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి వేసుకునే మనిషి అయితే దోహాలో దిగగానే ఒకటి, డాలస్ విమానం ఎక్కిన తొమ్మిదిన్నర గంటలకి ఇంకోటి అని ఆ గడియారమే చెబుతుంది. మాత్రలు చేతిసంచిలోనే ఉండాలి, చెకిన్ సూట్‌కేసులో కాదు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు మాత్రం ఈ చీటీ పట్టుకెళ్లి డాక్టరుకి చూపించి, ఏ టైముకి ఎంత తీసుకోవాలో బయల్దేరే ముందే రాయించుకోవాలి.

6. నేల మీది గంటలు కలపండి

ప్రయాణాన్ని నిజంగా సాగదీసేది ఇదే.

విజయవాడ నుంచి బయల్దేరేవాళ్లని తీసుకోండి. రోడ్డు మీద శంషాబాద్‌కి ఐదారు గంటలు. అంతర్జాతీయ విమానానికి మూడు గంటల ముందు అక్కడ ఉండాలి, అంటే రాత్రి 12:30కి. దారిలో భోజనానికి ఆగడం, ఊళ్లో ట్రాఫిక్ కలుపుకుంటే 9వ తేదీ సాయంత్రం ఆరింటికి కారెక్కాలి. డాలస్‌లో దిగాక ఇమిగ్రేషన్ లైను, సామాన్లు కలిపి గంటన్నర వేసుకోండి, రద్దీ రోజైతే ఇంకా ఎక్కువ. అక్కణ్ణుంచి ఫ్రిస్కోకో ప్లేనోకో ఇంకో గంట. మొత్తం 35 గంటలు, అందులో గాల్లో ఉండేది ఇరవైన్నర.

మధ్య మజిలీలో ఎంతసేపు ఉండాలన్నది ఈ ప్రయాణంలో మీ చేతిలో ఉన్న ముఖ్యమైన అంకె. కుర్రాళ్లకి దోహాలో రెండున్నర గంటలు సరిపోతాయి. పెద్దవాళ్లు, అందులోనూ వీల్‌చెయిర్ అడిగినవాళ్లు అయితే మూడు నుంచి నాలుగు గంటలు ఉండేలా టికెట్ తీయండి. గంటంబావు మజిలీ చూపించే చవక టికెట్ జోలికి పోవద్దు. మొదటి విమానం అరగంట లేటైతే రెండోది అందదు. రెండు టికెట్లు విడివిడిగా, వేర్వేరు పీఎన్ఆర్‌లతో కొనడం ఇంకా చెడ్డ పని. ఒకటి తప్పిపోతే రెండో కంపెనీకి మీతో సంబంధం ఉండదు.

షికాగోలోనో నెవార్క్‌లోనో మారి డాలస్ వెళ్లే టికెట్లకి ఇంకో మెలిక ఉంది. అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ అవుతుంది. అక్కడే సూట్‌కేసులు బెల్టు మీద నుంచి తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించి, మళ్లీ సెక్యూరిటీ చెకింగ్‌లోకి వెళ్లాలి. దానికి మూడు గంటలకి తక్కువ పెట్టుకోవద్దు. అబూదాబీ మీదుగా వెళ్తే ఈ ఇమిగ్రేషన్ తంతు అబూదాబీలోనే ముగుస్తుంది, కాబట్టి అక్కడి మజిలీ కాస్త ఎక్కువ ఉన్నా నష్టం లేదు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి నాలుగున్నర, పదహారు అని విడిపోయే గల్ఫ్ దారి కన్నా, పది, పదకొండు అని రెండు సగాలయ్యే ఫ్రాంక్‌ఫర్ట్ దారి నయమని నా అభిప్రాయం. ఒక్క బిగిన పదహారు గంటలు కూర్చోవడం వయసులో ఉన్నవాళ్లకే కష్టం. అయితే మాట సాయం కావాలనుకుంటే దోహా, దుబాయ్ దారులే మేలు. అక్కడ మన వాళ్లు ఎవరో ఒకరు తగులుతూనే ఉంటారు, ‘ఆంటీ, మీది ఏ గేటు?’ అని వాళ్లే పలకరిస్తారు. యూరప్ దారి ఎంచుకుంటే ట్రాన్సిట్ వీసా నిబంధన ఏమిటో ఆ దేశపు ఎంబసీ సైట్‌లో చూశాకే డబ్బు కట్టండి. ఏ దారైనా నడవా పక్క సీటు ముందే తీసుకోండి.

7. తిరుగు ప్రయాణానికి తేదీ సరిచూసుకోండి

వెళ్లేటప్పుడు టికెట్ గంటలని దాచేస్తే, వచ్చేటప్పుడు లేని గంటలు చూపిస్తుంది. జులై 10 శుక్రవారం సాయంత్రం 6:30కి డాలస్‌లో ఎక్కితే, పద్నాలుగున్నర గంటల తర్వాత దోహాలో దిగేసరికి అక్కడ శనివారం సాయంత్రం 5:00. రెండున్నర గంటలు ఆగి, 7:30కి ఎక్కి, నాలుగు గంటల్లో శంషాబాద్. టికెట్ మీద జులై 12, ఆదివారం 2:00 అని, పక్కనే చిన్నగా ‘+2’ అని ఉంటుంది. పైపైన చూస్తే ముప్పై ఒకటిన్నర గంటలు. ఇండియా టైములోకి మారిస్తే డాలస్‌లో ఎక్కింది శనివారం తెల్లవారుజాము 5:00, దిగింది అర్ధరాత్రి దాటాక 2:00. మొత్తం 21 గంటలే.

ఆ ‘ఆదివారం 2:00’ దగ్గర జాగ్రత్త. మనకి తెల్లవారితేనే రోజు మారినట్టు. పంచాంగం కూడా సూర్యోదయం నుంచే వారం లెక్కిస్తుంది. అర్ధరాత్రి రెండింటిని మన ఇళ్లల్లో ఎవరూ ఆదివారం అనరు, శనివారం రాత్రే అంటారు. డ్రైవరుకి ‘ఆదివారం రెండింటికి ఫ్లైటు’ అని చెబితే అతను ఆదివారం మధ్యాహ్నం భోంచేసి తీరిగ్గా వస్తాడు, లేదా ఆదివారం రాత్రికి వస్తాడు. విజయవాడ నుంచి కారు రావాలంటే ‘శనివారం రాత్రి ఎనిమిదింటికల్లా ఇక్కణ్ణుంచి కదలాలి’ అని కదలాల్సిన టైమే చెప్పండి. దాంతోపాటు దోహా–హైదరాబాద్ ఫ్లైట్ నంబర్ కూడా పంపండి. దోహాలో విమానం లేచిందో లేదో అతనే ఫోన్‌లో చూసుకుని, లేటైతే సూర్యాపేట దగ్గర ఆగి టీ తాగి వస్తాడు.